అమెరికాలో రేడియో స్టేషన్ పాటలు మానేసి టాక్ షోలకు మారాలంటే ప్రభుత్వ అనుమతి కావాలా?

అక్కర్లేదు. అక్కడ ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ లైసెన్సు ఇచ్చేది ఫ్రీక్వెన్సీకి, పవర్‌కి, టవర్ ఉన్న చోటుకి. ఏం వినిపించాలన్నది యజమాని ఇష్టం. దీని మీద శ్రోతల సంఘాలు కోర్టుకెక్కాయి కూడా. 1981లో అక్కడి సుప్రీంకోర్టు ఎఫ్‌సీసీ విధానాన్నే సమర్థించింది.

మరుసటి ఏడాది, 1982 మే 10న, న్యూయార్క్‌లో 770 ఏఎం మీద ఉండే డబ్ల్యూఏబీసీ హిట్ పాటలకు స్వస్తి చెప్పి టాక్‌కి మారింది. స్టీరియో కోసం పాటల శ్రోతలు ఎఫ్ఎంకి వెళ్లిపోయారు మరి. ఏఎంలో మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం, పైగా గరగర. మాటలకైతే ఆ నాణ్యత సరిపోతుంది.

కొన్నిసార్లు ఫార్మాటే, అంటే స్టేషన్ వినిపించే కార్యక్రమాల తరహాయే, ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి మారుతుంది. 1987 జులై 1న ఎమ్మిస్ అనే రేడియో సంస్థ న్యూయార్క్‌లోనే 1050 ఏఎంలో కంట్రీ (అమెరికా జానపద తరహా) పాటల స్టేషన్ డబ్ల్యూహెచ్ఎన్‌ని తీసేసి, రోజంతా క్రీడలే ఉండే డబ్ల్యూఎఫ్ఏఎన్ పెట్టింది. తర్వాత ఎన్‌బీసీ అనే ప్రసార సంస్థ నుంచి 660 ఏఎంలోని డబ్ల్యూఎన్‌బీసీ స్టేషన్‌ని కొని, 1988 అక్టోబర్ 7న స్పోర్ట్స్‌ని అక్కడికి చేర్చింది. దాంతో పాత డబ్ల్యూఎన్‌బీసీ కథ ముగిసింది. రాత్రిళ్లు చాలా దూరం వినబడే 660 సిగ్నల్ కోసం ఈ మార్పు లాభసాటి బేరమే అనాలి.

అయితే స్టేషన్ కొనుగోలుకీ, కాల్‌సైన్ (డబ్ల్యూఏబీసీ లాంటి స్టేషన్ గుర్తింపు అక్షరాలు) మార్పుకీ మాత్రం ఎఫ్‌సీసీకి దరఖాస్తు పెట్టాల్సిందే.