వాక్యూమ్ పంపు పట్టుకున్న మేనకోడలికి

అమ్మాయ్,

ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి పిల్లలకు వాక్యూమ్ ప్రయోగాలు చేసి చూపిస్తావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉద్యోగంలో చేరిన ఏడాదే బీరువాలో మగ్గుతున్న బెల్ జార్‌ను, అదే, లోపలి గాలిని పంపుతో తోడేసే ఆ గంట ఆకారపు గాజు మూతను, బయటికి తీయించావంటే భలే గర్వంగా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి. ల్యాబుల్లో తల నెరిసిన మావయ్య ఒకడున్నాడని, ముందు వాణ్ని అడగాలని తోచలేదా నీకు?

చిన్నవి ముందే చెప్పేస్తా. జార్ అంచుకు గ్రీజు పల్చగా రాయి. పంపు ఆపగానే వాల్వు తెరిచి గాలి వదులు, లేకపోతే ఆయిల్ వెనక్కి ఎక్కుతుంది. గాలి లేకపోతే చప్పుడు వినిపించదని చూపించడానికి జార్ లోపల మోగించే గంటను స్పాంజి మీద పెట్టు. నేరుగా జార్ కింది ప్లేటు మీద పెడితే గాలి తీసేశాక కూడా గణగణమంటుంది, పిల్లలు నిన్ను ఆట పట్టిస్తారు.

ఇక గాజు సంగతి. ఇది రెండుసార్లు చదువు.

జర్మనీలో మాగ్డెబుర్గ్ నగరానికి మేయరుగా చేసిన ఒట్టో ఫాన్ గెరికె గుర్రాల కథ నీకు తెలుసు: రెండు అర్ధగోళాలు కలిపి లోపలి గాలి తీసేస్తే, గుర్రాలు చెరోవైపు లాగినా ఓ పట్టాన ఊడలేదు. నేను చెప్పేది అంతకుముందు జరిగింది. ఆయన మొదట చెక్క పీపా నిండా నీళ్లు పోయించి, వాటిని తోడేస్తే లోపల శూన్యం మిగులుతుందనుకున్నాడు. చెక్క సందుల్లోంచి గాలి చప్పుడు చేసుకుంటూ దూరింది. సరేనని రాగి గోళం చేయించాడు. మనుషులు పంపు కొడుతున్నారు, గాలి దాదాపు అయిపోవచ్చిందనుకుంటుండగా ఢామ్మంది. అంత గోళమూ చేత్తో నలిపిన గుడ్డలా అయిపోయింది. అందరూ హడలిపోయారు. కారణం ఆయనే కనిపెట్టాడు: పనివాడు దాన్ని సరిగ్గా గుండ్రంగా చేయలేదు. గుండ్రంగా ఉన్నది ఒత్తిడిని ఒళ్లంతా పంచుకుంటుంది, చదునుగా ఉన్నచోట లోపలికి కుంగుతుంది. రాగి కాబట్టి నలిగి ఊరుకుంది. గాజు ఊరుకోదు తల్లీ. పగిలి లోపలికి పడి, అక్కడ ఆగకుండా అవతలికి ఎగిరొస్తుంది.

అందుకని అడుగు చదునుగా ఉండే పల్చటి కోనికల్ ఫ్లాస్కుకు పంపు తగిలించకు. పొయ్యి లేకుండా, గాలి తీసేసి నీళ్లు మరిగించి చూపించాలంటే చిన్న బీకరును జార్ లోపల పెట్టు. బీకరుకు లోపలా బయటా ఒకటే ఒత్తిడి, దానికేం కాదు. భారమంతా జార్‌దే. దాని అడ్డం 20 సెంటీమీటర్లుంటే నెత్తిన 300 కిలోలకు పైగా గాలి కూర్చుంటుంది. వెలుతురులో తిప్పి చూసి, సన్న గీత కనిపించినా పక్కన పడెయ్. నీకూ పిల్లలకూ కళ్లద్దాలు, జార్‌కు అడ్డంగా ఓ ప్లాస్టిక్ షీటు తప్పనిసరి.

హమ్మయ్య, ఇప్పుడు సరదా. మరిగిన ఆ నీళ్లలో, గాలి వదిలాక, ఒక పిల్లాణ్ని వేలు పెట్టమను. చల్లగా ఉంటాయి! వాడి మొహం చూడాలి. నీళ్లు కొంచెమే పొయ్యి, ఆవిరి చేరితే పంపు ఆయిల్ తెల్లబడుతుంది.

శూన్యం లాగుతుందని మాత్రం చెప్పకు, నాకు ఒళ్లు మండుతుంది. నెట్టేది బయటి గాలి. ఆ గాలి నీళ్లను 10.3 మీటర్లే ఎత్తగలదు కాబట్టి, నాలుగో అంతస్తులో కూర్చుని వీధిలోని కొబ్బరి బోండాన్ని స్ట్రాతో తాగడం భీముడి వల్ల కూడా కాదు. గుర్రాలూ అంతే. 1657లో మాగ్డెబుర్గ్‌లో అటు ఎనిమిది, ఇటు ఎనిమిది కట్టించాడు గెరికె. ఒకవైపు గట్టి గోడకు కట్టేస్తే రెండోవైపు ఎనిమిదితోనే సరిపోయేది. కానీ మేయరు కదా, హంగామా కావాలి!

జార్ ఫొటో వాట్సాప్‌లో పెట్టు. ఆ రోజు నేనూ వస్తా. వెనక బెంచీలో కూర్చుని నోరు మెదపనంటే మీ అమ్మ నమ్మడం లేదు.

మావయ్య