కొత్త ద్రాక్ష వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

మిర్చి చేలో రెండెకరాలు తీసి వైన్ ద్రాక్ష వేస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. వద్దనను. మేడ్చల్ దగ్గర ఇరవై ఏళ్ళు అనాబెషాహీ ద్రాక్ష పందిళ్ళ కింద తిరిగినవాణ్ణి, ఎలా వద్దంటాను? కానీ రెండెకరాలతో కాదు, ఇరవై సెంట్లతో మొదలుపెట్టు.

నాసిక్ సంగతి చెప్పావు. అక్కడ 1997లో సూలా వైన్ కంపెనీ వాళ్ళు సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే వైన్ ద్రాక్ష రకాలు నాటి గెలిచిన మాట నిజమే. అయితే నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంది. మన గుంటూరు 30 మీటర్లు. వైన్‌కి తీపితో పాటు పులుపూ ఉండాలి, రాత్రుళ్ళు చల్లబడితేనే అది కాయలో నిలుస్తుంది. మన ఎండకి తీపి ఎలాగూ వస్తుంది. నాకు టెన్షన్ అంతా పులుపు గురించే.

కొమ్మల కత్తిరింపు తేదీ దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది. అందరిలా అక్టోబరులో కత్తిరిస్తే లేత చిగురూ పూతా సరిగ్గా తుఫాన్ల రోజుల్లో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలు ఎలా మునిగాయో చూశావుగా. పూత మీద నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బూజు తెగులు గుత్తుల్ని మాడ్చేస్తుంది. పోనీ డిసెంబరు చివరికి జరుపుదామంటే, కాయ పండేసరికి మే నెల ఎండలు, పులుపు పోతుంది. ఈ రెండింటి మధ్య సందు ఎక్కడుందో నీ చేలోనే తేలాలి. అందుకని షెనిన్ బ్లాంక్, షిరాజ్ రకాలు రెండూ నాటి, వరుసకీ వరుసకీ పది రోజుల తేడాతో కత్తిరించు. ఏ వరుసకి ఏ తేదీ, బ్రిక్స్ (అంటే రసంలో తీపి కొలత) ఎంత, పులుపు ఎంత, అన్నీ నోటుబుక్కులో రాయి. కనీసం మూడు కోతలు చూడు.

అంట్లు డాగ్‌రిడ్జ్ లేదా 110ఆర్ అనే వేరు రకం మీద కట్టినవే కావాలి. ఆ మాట పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం వాళ్ళనీ అడుగు. నల్లరేగడిలో నీళ్ళు నిలవకుండా ఎత్తు బోదెలు తప్పవు.

కొనేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. నేనూ ఒకసారి అరెకరం వైన్ రకం వేశాను. కొంటామన్న కంపెనీ కోతకి వారం ముందు మాట మార్చింది. బజారుకి తీసుకెళ్తే చిన్న కాయ, గింజలు, మందం తోలు, తోపుడు బండి వాళ్ళు కూడా ముట్టుకోలేదు. ఆ రాత్రి మీ అత్తయ్య అన్నం తినలేదు. అందుకే రెండెకరాలకి పోయే ముందు కొనేవాళ్ళ చేత ధర, బ్రిక్స్, కోత తేదీ కాగితం మీద రాయించుకో.

ముందు మట్టీ, బోరు నీళ్ళూ పరీక్ష చేయించి, ఉప్పు ఎంతుందో ఆ రిపోర్టు ఫోటో తీసి పంపు. అది చూశాకే అంట్లకి డబ్బు కట్టు. నాటే రోజుకి నేను వస్తాను.

మీ మామయ్య