లెక్కలోకి రాని తిండి

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ ఇంట్లో నాలుగు రోజులున్నాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పూ కూరా, రాత్రికి చపాతీ. కోడలి వంటలో వంక పెట్టడానికేమీ లేదు. నా బెంగంతా ఆ భోజనాల మధ్యలో జరిగేదాని మీద. నువ్వు సాయంత్రం కవర్లో పట్టుకొచ్చేది, టీతో పాటు నోట్లో వేసుకునేది, బుజ్జిదానికి స్ట్రా గుచ్చి చేతికిచ్చేది. అక్కడే చెబుదామనుకున్నాను గానీ, అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చినట్టవుతుందని ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు బజ్జీల సంగతి. తెనాలిలో ముప్పై ఏళ్ళు టిఫిన్ కొట్టు నడిపినవాణ్ణి కాబట్టి ఇది నేనే చెప్పాలి. సాయంత్రం పొయ్యి మీద పెట్టిన మూకుడు రాత్రి తొమ్మిదింటికి గానీ దించేవాళ్ళం కాదు. మిగిలిన నూనె గుడ్డలో వడగట్టి డబ్బాలో పోసి, మర్నాడు దాంట్లోనే కొత్త నూనె కలిపేవాళ్ళం. మా బజార్లో అందరూ అదే పని, నేనూ అదే చేశాను. అలా రోజూ కలుపుతూ పోతే అడుగున ఉన్న నూనె ఎన్నాళ్ళ కిందటిదో ఎవరికీ తెలియదు. మొదటి రోజు తేనె రంగులో ఉన్నది మూడో రోజుకి డికాషన్‌లా అవుతుంది. ఆ తర్వాత చిక్కబడి, పిండి వేయగానే సన్నటి నురుగు అంచు దాకా పొంగుతుంది, ఎంతసేపటికీ అణగదు. చిన్న మంటకే పొగ వస్తుంది. మూకుడు అంచున బంకలా పట్టేస్తే పీచుతో ఎంత తోమినా వదిలేది కాదు. ఇనుముకే అలా పట్టుకున్నది మనిషి ఒంట్లో ఏం చేస్తుందోనని నాకు అప్పట్లో తట్టలేదు. ఎంతమంది పిల్లలకి ఆ పునుగులు పొట్లం కట్టిచ్చానో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నూనె పదే పదే కాగితే విరిగిపోయి, గుండెకీ కాలేయానికీ మంచిది కాని పదార్థాలు పుడతాయి. వాటిని కొలిచే లెక్కకి టోటల్ పోలార్ కాంపౌండ్స్ అని పేరు. అది 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి ఫుడ్ సేఫ్టీ వాళ్ళ నిబంధన ఉంది. రోజుకి 50 లీటర్లు మించి వాడేవాళ్ళయితే వాడిన నూనె ఏం చేశారో రికార్డు కూడా రాయాలి. మీ సందు చివర బండి ఆ రికార్డు లెక్కలోకి రాదు. కాబట్టి కొనేముందు మూకుట్లోకి ఒక్కసారి తొంగి చూడు. నల్లగా ఉన్నా, నురుగు అణగకపోయినా వెనక్కి వచ్చెయ్. న్యూస్ పేపర్లో కట్టిచ్చినా వద్దను, నూనె తగిలితే ఆ సిరా బజ్జీకి అంటుకుంటుంది.

ఇంట్లో పూరీలు వేయించగా మిగిలిన నూనె సంగతి కోడలు అడిగింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి జవాబు ఉంది. వడగట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల్లో, తాలింపుల్లో వాడేసుకోవచ్చు. మళ్ళీ వేపుళ్ళకి మాత్రం పెట్టకూడదు.

నా షుగర్ సంగతి నీకు సగమే తెలుసు. యాభై రెండో ఏట బయటపడ్డప్పుడు డాక్టరు గారు ఏం తింటావని అడిగారు. రెండు పూటలా అన్నం, పొద్దున టిఫిన్, అంతేనండీ అన్నాను. మరి టీలు ఎన్ని అన్నారు. వేళ్ళ మీద లెక్కపెడితే ఎనిమిది తేలాయి. ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. అంటే రోజుకి పదహారు చెంచాలు, దాదాపు 80 గ్రాములు! పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకి 25 గ్రాములు దాటకపోతే మంచిదని పెద్ద సంస్థలు చెబుతున్నాయి. నేను దానికి మూడింతలు తాగుతూ, ఏమీ తినడం లేదనుకున్నాను. అబద్ధం చెప్పలేదురా, టీని తిండి అనుకోలేదు, అంతే.

నువ్వూ అదే దారిలో ఉన్నావు. బిర్యానీ తెచ్చిన రోజు పక్కన కూల్‌డ్రింకు లేకుండా నీకు ముద్ద దిగడం లేదు. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములు దాటి పంచదార ఉంటుంది. ఆ ఒక్క సీసాతోనే నీ రోజు లెక్క అయిపోయింది. నెలకోసారి బిర్యానీ తింటే నేనేమీ అనను, పండక్కి అరిసెలు తిన్నా అనను. రోజూ తాగేదాని గురించే నా గోల.

బుజ్జిదానికి విరేచనాలైన రోజు మందుల షాపు నుంచి ఓఆర్ఎస్ అని ఒక అట్టపెట్టె డ్రింకు తెచ్చావు చూడు, అప్పుడు నాకు నిజంగా భయమేసింది. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే ఉంటుంది, దానికి తగ్గ ఉప్పులు ఉంటాయి. ఆ పేరు తగిలించుకున్న తీపి డ్రింకుల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత తీపి పేగుల్లోకి నీళ్ళు లాగి విరేచనాలు ఇంకా పెంచుతుంది. మీ హైదరాబాదులోనే పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఎనిమిదేళ్ళు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరే ఉండకూడదని ఆదేశాలు వచ్చాయి. ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఇంట్లో ఎప్పుడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్లు నాలుగు ఉంచుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాస్తే అన్ని నీళ్ళలోనే కలపండి.

మీ వంటింట్లో బిస్కెట్ల డబ్బా కూడా చూశాను. ముందు గోధుమ కంకి బొమ్మ ఉంది. వెనక్కి తిప్పి చదివితే మొదటి పేరు మైదా, తర్వాత పంచదార, తర్వాత పామాయిల్. అక్కడ పేర్లు బరువు ప్రకారం రాస్తారు, ఎక్కువున్నది ముందు వస్తుంది. ముందున్న బొమ్మ చూడకు, వెనక మొదటి మూడు పేర్లు చదువు. రస్కులూ అంతే, ఎగ్ పఫ్ అయితే మైదా పొరల మధ్య కొవ్వే కొవ్వు.

ఉప్పుకి కూడా అక్కడే ఒక లెక్క ఉంది. లేబుల్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. నూడుల్స్ ప్యాకెట్ ఒక్కదాంట్లోనే రెండు గ్రాముల చొప్పున పోతుంది. దాని మీద మనకి ఆవకాయా, అప్పడమూ, మజ్జిగ మిరపకాయలూ. ఊరగాయ మానమని నేను చెప్పను, నా నోటితో ఆ మాట రాదు కూడా. ముద్ద ముద్దకీ కలపకుండా నంజుకో, అప్పడం ఉన్న రోజు ఊరగాయ తీయకు. మీ నాన్నకి బీపీ ఉందన్న సంగతి గుర్తుపెట్టుకో.

ఒక్కసారిగా అన్నీ మానేస్తానని ఒట్లు పెట్టుకోవద్దు. ముందు ఫ్రిజ్‌లోకి కూల్‌డ్రింకు సీసా కొనడం ఆపు. కొని పెట్టకపోతే అర్ధరాత్రి లేచి తాగేవాడెవడూ ఉండడు. తర్వాత టీలో పంచదార వారానికి అర చెంచా చొప్పున తగ్గించు. నేను అలాగే తగ్గించాను, నెల తిరిగేసరికి తీపి టీ నోట్లో పెట్టుకోలేకపోయాను. సాయంత్రం ఆకలికి వేయించిన సెనగలో, ఉడికించిన పల్లీలో, జామకాయో చాలు.

వచ్చే నెల మొదటి వారంలో మళ్ళీ వస్తున్నాను. పల్లీలు, నువ్వులు, బెల్లం తెస్తాను. బుజ్జిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉండలు చుడతాను. దానికి పొద్దున పాలలో ఆ డబ్బాలో వచ్చే తీపి హెల్త్ డ్రింకు పొడి కలపడం మాత్రం నేను వచ్చేదాకా ఆగక్కర్లేదు, రేపే ఆపెయ్యండి.

ఆశీస్సులతో,
పెదనాన్న