పొయ్యిల డిజైనా? అని అడిగిన ఒక అమ్మకి

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఫైనలియర్. గ్యాస్ స్టవ్ బర్నర్ల డిజైన్‌లోకి వెళ్తానంటోంది. మేం ఏఐ కోర్సు చెయ్యమంటున్నాం. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి సార్.

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది, బర్నర్ బదులు పంపో గేర్‌బాక్సో ఉంటుంది అంతే. మీరు అడిగింది పోలిక, మీ భయం మాత్రం "ఇంత చదివించి పొయ్యిల పనా, నలుగురిలో ఏం చెప్పుకోవాలి" అని. ఆ మాట పాప ముందు అనకండి, ఇప్పటికే అనుంటే వెనక్కి తీసుకోండి.

ఇవాళ స్టవ్ వెలిగించి కాస్త వంగి చూడండి. ఒక్కో రంధ్రం మీద నీలం మంట కదలకుండా కూర్చుంటుంది కదా, అది దానంతటదే కూర్చోదు. గాలీ గ్యాసూ కలిసి బయటికొచ్చే స్పీడు, మంట వాటిని కాల్చుకుంటూ వెనక్కి పాకే స్పీడు, రంధ్రం అంచు దగ్గర ఒకదానికొకటి సరిపోవాలి. బయటికొచ్చేది ఎక్కువైతే మంట లేచిపోతుంది, మరీ తగ్గితే బర్నర్ లోపలికి దూరి టప్‌మంటుంది. గాలి చాలకపోతే పసుపు మంట, గిన్నెకి మసి, కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరగొచ్చు, అంటే ఇది ప్రాణాలతో పని. గాలితో కలిసిన మీథేన్‌లో (పైపు గ్యాసులో ముఖ్యంగా ఉండేది ఇదే) మంట సెకనుకి సుమారు 40 సెంటీమీటర్లు పాకుతుంది, హైడ్రోజన్‌లో 2 మీటర్ల పైనే, అందుకే గ్యాసులో హైడ్రోజన్ వాటా పెరిగేకొద్దీ పాత బర్నర్ లెక్కలు మళ్లీ వేసుకోవాలి. మరి ఆ లెక్కలు ఎవరు వేస్తారు? మీ పాపలాంటి వాళ్లే.

ఏఐ చెడ్డదని నేననను. కానీ ఆర్నెల్ల కోర్సు చేసి నా దగ్గరికొచ్చే పిల్లలు చాలామంది అవే రెండు మూడు ప్రాజెక్టులు చూపిస్తున్నారు, డేటా ఎక్కణ్నుంచి వచ్చింది, ఆ అంకె ఎందుకంత ఉంది అంటే చెప్పలేకపోతున్నారు, అది చూస్తే నాకు నిజంగా దిగులుగా ఉంటుంది. మంట గురించి లోతుగా తెలిసిన పిల్ల తర్వాత ఏఐ నేర్చుకుని దానికే వాడుకోగలదు. ముందు సబ్జెక్టే లేకపోతే దేనికి వాడుతుంది చెప్పండి.

ఒకటి ఒప్పుకుంటా, సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఇక్కడ ఖాళీలు తక్కువ, ఇండక్షన్ స్టవ్‌ల పోటీ కూడా ఉంది. అందుకని పాపని స్టవ్ దగ్గరే ఆగకుండా కంబశ్చన్ (మండటం గురించిన శాస్త్రం), సీఎఫ్‌డీ (గాలి, గ్యాసుల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం) గట్టిగా పట్టుకోమనండి, అవే గీజర్లకీ బాయిలర్లకీ ఫర్నేసులకీ గ్యాస్ టర్బైన్లకీ పనికొస్తాయి. ఈ సెలవుల్లో బర్నర్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి అప్లై చెయ్యమనండి, జెట్ (గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రం) సైజు మారిస్తే మంట ఏమైందో రోజూ నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఇంట్లో స్టవ్‌కి మాత్రం డ్రిల్ పెట్టొద్దని గట్టిగా చెప్పండి.