జాతరకి మా ఆయన నా పెళ్ళి పట్టుచీర అడుగుతున్నాడు, ఇవ్వాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం చీరల గురించే. ఎండలు ముదిరినాయి, గంగమ్మ జాతర దగ్గరపడింది, అందుకేమో. మూడు ఉత్తరాలు తీసుకున్నా.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, తిరుపతి కోడలిగా వచ్చి రెండేళ్ళయింది. మా ఆయనకి చిన్నప్పుడు అమ్మవారు పోస్తే మా అత్తమ్మ గంగమ్మకి మొక్కుకుందంట, ఆడవేషం కట్టిస్తానని. బెంగళూరులో ఉద్యోగం, సెలవు లేదు అంటూ ఇన్నాళ్ళు జరిపి ఈ ఏడాది కడతానంటున్నాడు, దానికి నా పెళ్ళి పట్టుచీరే కావాలంట. ఫోటోలు మా పుట్టింటోళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని సిగ్గుతో చచ్చిపోతున్నా. ఏం చేయమంటారు?

జవాబు: సిగ్గెందుకమ్మా, ఆ రోజు తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర నిలబడి చూడు, జడ, పూలు, వంకీలు, ముక్కుపుడక అన్నీ పెట్టుకుని మీసం మాత్రం అట్నే ఉంచుకుని క్యూలో నిలబడిన మగోళ్ళు ఎంతమందో, వాళ్ళల్లో నీ మొగుడ్ని వెతుక్కోవడమే నీకు కష్టమైపోతుంది. ఎవురూ నవ్వరు. నవ్వితే ఊరికి కొత్తోళ్ళని అర్థం.

మీ పుట్టింటోళ్ళకి ఈ కథ చెప్పు. ఆడపిల్లల జోలికి పోయే పాలెగాడు ఒకడు ఉండేవాడంట, అవిలాలలో పుట్టి తిరుపతిలో కైకాల వాళ్ళింట్లో పెరిగిన గంగమ్మ మీద కూడా కన్నేసినాడు, ఆమె నిజరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు, వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఆ తర్వాత దొర వేషం. ఎవురో దొర వచ్చినాడనుకుని వాడు బయటికొచ్చినాడు, అంతే, తల తెగింది. తర్వాత మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదార్చిందంట, నాకు కథంతట్లో ఇష్టమైంది ఈ ముక్కే. అమ్మ మగవేషం కట్టింది, మగోళ్ళు ఆమె వేషం కట్టి ఆ బాకీ తీర్చుకుంటా ఉన్నారు, అంతే కదా!

ఇంకో సంగతి చూడు, జాతరలో జనం కట్టే ఈ వేషాలకి బట్టల షాపుకి పోయేదే లేదు. బైరాగికి ఒళ్ళంతా నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, వీటి మీదికి వేపమండలు. ఎండాకాలంలోనే అమ్మవారు పోసేది, ఒంటికి వేపాకు కావాల్సొచ్చేదీ అప్పుడే, జాతర వచ్చేదీ అప్పుడే.

ఇంక చీర సంగతి. పెళ్ళి పట్టుచీర మాత్రం ఇవ్వొద్దు. మే నెలలో తిరుపతి ఎండ 40 దాటుతుంది, ఆ చెమటకి, మీద పడే కుంకుమకి జరీ నల్లబడితే మళ్ళీ తెల్లబడదు, పైగా తోపులాటలో కుచ్చిళ్ళు ఎవురో ఒకరు తొక్కుతారు. మా తమ్ముడికి ఇట్నే మా అమ్మ పట్టుచీర కట్టించినాం, జాకెట్టు పట్టక పక్క కుట్లు విప్పేసి ఏడు పిన్నీసులు పెట్టినాం, గుడికాడికి పోయేసరికి మూడే మిగిలినాయి, మిగతా నాలుగు వాడి వీపుకి గుచ్చుకున్నాయని వారం రోజులు దెప్పినాడు. వెంకటగిరి నూలు చీర ఒకటి తీసివ్వు. వందో నంబరు నూలుతో నేస్తారు, మడత పెడితే గుప్పెట్లో పడుతుంది, సన్న జరీ అంచు ఉంటుంది కాబట్టి ఫోటోలో పట్టుకి ఏం తీసిపోదు. 2022 ఏప్రిల్ నుంచి వెంకటగిరి మన తిరుపతి జిల్లాలోకే వచ్చేసింది, ఇంక పొరుగూరి చీర అని మీ అత్తమ్మ కూడా అనలేదు. గంజి పెట్టొద్దు, చెమటకి అట్టలాగ అతుక్కుంటుంది. జాకెట్టు మాత్రం నీ మొగుడి కొలతకే కుట్టించు. కట్టేది నువ్వే కట్టు, ఆ కుచ్చిళ్ళు వాడికి ఈ జన్మలో రావు.

ప్రశ్న: ధనుర్మాసంలో తిరుమల కల్యాణోత్సవానికి టికెట్ దొరికింది. మా అబ్బాయి జీన్స్‌లోనే వస్తానంటాడు. రానిస్తారా?

జవాబు: రానివ్వరు. కల్యాణోత్సవం లాంటి ఆర్జిత సేవలకి మగవాళ్ళకి పంచె ఉత్తరీయం, ఆడవాళ్ళకి చీరో లంగా ఓణీనో, చుడీదార్ అయితే పైన చున్నీ ఉండాలి. పంచెకి బెల్టు పెట్టించు, మొదటిసారి కదా. కొండ మీద ఆ నెల పొద్దున్నే పళ్ళు టకటకలాడతాయి, ఒక శాలువా సంచీలో పడేయండి.

ప్రశ్న: శ్రీకాళహస్తి పోయినప్పుడు ఒక షాపులో పెన్ కలంకారీ అని చెప్పి చీర అమ్మినారు, చిత్తూరు వచ్చినాక మా పక్కింటావిడ ఇది ప్రింటు అంటోంది. ఎట్ల తెలుసుకునేది?

జవాబు: చీర పూర్తిగా పరిచి రెండు నెమళ్ళని పక్కపక్కన పెట్టి చూడండి. కన్ను, ఈక, గోరు అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే ఉంటే అది అచ్చు గుద్దిందే. చేత్తో గీసేటోడు అదే నెమలిని రెండోసారి అట్నే గీయలేడు, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, రంగు అయిపోయి మళ్ళీ ముంచిన చోట చిన్న చుక్క కూడా ఉంటుంది.

అంత తేడా ఎందుకొస్తుందంటే, పని అట్లాంటిది. గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి ఆరేస్తారు, పాలల్లో ఉండే కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి దాన్ని రంగులో ముంచి పిండుతా పిండుతా గీయాల. నలుపుకి ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళల్లో రోజుల తరబడి పులవబెడతారు, దాన్ని కసిమి అంటారు, గీసేటప్పుడు పల్చగా ఉండి కరక్కాయతో కలిసినాక నల్లబడుతుంది. ఆ మీదట ఒక్కో రంగుకి మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఆరేత, స్వర్ణముఖి నీళ్ళని నమ్ముకుని పెరిగిన పని ఇది. వానాకాలం ఆరేసే ఎండ ఉండదు, పని నత్తనడక నడుస్తుంది. ఆ ఊర్లో ఈ పని చేసిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చినారు. మీరు చీరకి ఎంతిచ్చినారో రాయలేదు, వెయ్యి రూపాయల్లో వచ్చుంటే మాత్రం పక్కింటావిడ చెప్పిందే నిజం.

ప్రింటే అయినా పారేయొద్దు, రోజూ కట్టుకోను బాగుంటుంది. ఒకవేళ నిజంగా చేత్తో గీసిందైతే సబ్బు పెట్టకండి, చల్లనీళ్ళల్లో కుంకుడురసం వేసి ముంచి తీసి నీడలో ఆరేయండి, మొదటి ఉతుకులో కొంచెం రంగు దిగితే దిగనీయండి.