మెత్తల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. హార్వర్డ్‌లోని సాండర్స్ థియేటర్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రూజ్‌వెల్ట్, చర్చిల్, మార్టిన్ లూథర్ కింగ్ అక్కడ మాట్లాడారని మొదటి పేరాలోనే చెప్పేశావు. తర్వాత 1870ల కట్టడం, వెయ్యి సీట్లు, ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ రెన్ అనే వాస్తుశిల్పి కట్టిన షెల్డోనియన్ థియేటర్‌తో పోలిక. అన్నీ నిజాలే. ఆ హాల్లో మాట ఎలా వినిపిస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. పెళ్ళికి ఎవరెవరు వచ్చారో చెప్పి భోజనాల సంగతి ఎత్తనట్టుంది.

మెత్తల కథని ఏడో పేరాలో బ్రాకెట్లో పడేశావు. వ్యాసమంతా అక్కడే ఉంది కదమ్మా!

1895లో అదే యూనివర్సిటీలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో, అన్న మాట ఐదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేది. పాఠం ఎవరికీ అర్థమయ్యేది కాదు. దాని సంగతి చూడమని వాలెస్ సబీన్ అనే 27 ఏళ్ల ఫిజిక్స్ మాస్టారికి అప్పగించారు. ఆయన సాండర్స్ సీట్ల మీది మెత్తలు రాత్రిళ్ళు మోయించుకొచ్చి, ఫాగ్‌లో కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ అనే వాద్యం గొట్టం ఒకటి మోగించి, ఆ మోత ఎంతసేపటికి అణుగుతుందో చెవితో విని కొలిచాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్ళీ సాండర్స్‌లో ఉండాలి. ఆ లెక్కలే 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకి పనికొచ్చాయి.

ఇంకోటి నువ్వసలు రాయనే లేదు. తన ఒంటిమీది బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తున్నాయని ఆయనకి మధ్యలో తెలిసింది. అప్పటిదాకా తీసిన వేల కొలతలు అవతల పడేసి, ఆ తర్వాత ఎప్పుడూ ఒకే రకం దుస్తుల్లో పని మళ్ళీ మొదలుపెట్టాడు. నేనైతే ఎవరికీ చెప్పకుండా ఊరుకునేవాణ్ణేమో. నువ్వు రెండు పేరాలు కొట్టేయమంటేనే టెన్షన్ పడుతున్నావు.

మా కాలేజీ హాలు గుర్తొచ్చింది. నాటకంలో పద్యం ఎత్తుకుంటే మొదటి పాదం వెనక గోడకి తగిలి వచ్చి రెండో పాదం మీద పడేది. మేం వన్స్‌మోర్ అననక్కర్లేదు, గోడలే అనేవి. వేషం కట్టినవాడు పాపం రాగం తగ్గించి, దాదాపు వచనంలా చెప్పి బయటపడ్డాడు. అతని పద్యం ఒక్కటీ గుర్తులేదు, ఆ మోత మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

నువ్వు అక్కడే చదువుతున్నావు కాబట్టి ఈసారి కచేరీకి వెళ్ళినప్పుడు చివరి వరసలో కూర్చో. పాట ఆగాక, చప్పట్లు మొదలయ్యేలోపు ఏం వినిపించిందో రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, ఫోన్లో చదవలేకపోతున్నాను.