631 దగ్గర ఆగిపోయాడు మీవాడు

ప్రశ్న: మాస్టారూ, మావాడు టెన్త్ చదువుతున్నాడు. 3, 5, 17, 257, 65537 అని ఒక వరుస రాశాడు. ఒకదాంట్లోంచి 1 తీసేసి, వర్గం చేసి, మళ్ళీ 1 కలిపితే తర్వాతది వస్తుందట. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఆ తర్వాతి 4294967297 కూడా అంతే అంటాడు. సెలవుల్లో నోటుబుక్కు నిండా భాగహారాలు చేశాడు. 2 నుంచి 631 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోలేదని ఆపేశాడు. వాడి మాట నిజమేనా?
– ఒక తల్లి, చిక్కడపల్లి

జవాబు: అయ్యో, ఇంకొక్కటి చూడాల్సిందమ్మా! 631 తర్వాతి ప్రధాన సంఖ్య 641. సరిగ్గా దాంతోనే పోతుంది. 641ని 6700417తో హెచ్చిస్తే మీవాడి సంఖ్యే. 115 మెట్లెక్కి, 116వ మెట్టు ముందు కూర్చుండిపోయాడు. మా ఆవిడకి చెబితే, "పాపం, ఓ చాయ్ తాగి మళ్ళీ కూర్చుంటే అయిపోయేదిగా" అంది.

నమ్మకం కుదరకపోతే కిరాణా బిల్లు వెనక వేసి చూడమనండి. 65536ని 641తో భాగిస్తే 154 మిగులుతుంది. 154ని 154తో హెచ్చిస్తే 23716. దాన్ని మళ్ళీ 641తో భాగిస్తే మిగిలేది 640. మన సంఖ్య అంటే 65536 వర్గానికి 1 కలిపిందేగా? 640కి ఆ 1 కలపండి. 641! శేషం సున్నా. పది అంకెల భాగహారం ముట్టుకోకుండానే తేలిపోయింది.

సిగ్గుపడొద్దని చెప్పండి. ఈ వరుసలో అన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో గణితవేత్త ఫెర్మా అంతటివాడే నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త 641ని బయటపెట్టేదాకా ఆ నమ్మకం చెల్లింది. నేనూ ఓసారి ఇంటర్ క్లాసులో అలాగే నోరు జారాను. మర్నాడు వెనక బెంచీ అమ్మాయి చిట్టీ మీద 641 అని రాసి, నా చాక్‌పీసుల డబ్బాలో పెట్టింది.

మీవాడి తప్పల్లా ఎక్కడ ఆపాలో చూసుకోకపోవడమే. వర్గమూలం దాకా, అంటే 65536 దాకా వెళ్ళాలి. అంతలోపు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. ఎన్ని నోటుబుక్కులు చాలుతాయి? ఆయిలర్ తర్వాత నిరూపించిన కిటుకు ఒకటుంది: ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో ప్రయత్నానికే దొరికిపోయింది.

వరుసలో తర్వాతిది 18446744073709551617. ఇరవై అంకెలు. ఇదీ ప్రధాన సంఖ్య కాదని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచాయన కారణాంకాలతో సహా తేల్చాడు. చిన్న కారణాంకానికి ఆరంకెలు. అదేంటో ఇప్పుడు చెప్పను. ఈసారి 64 బదులు 128తో భాగిస్తే 1 మిగిలేవాటినే చూడమనండి. నోటుబుక్కు మాత్రం లాంగ్ సైజుది కొనిపెట్టండి.